ఆయమ్మ బిడ్డను ఎవరు చూసుకున్నారు?

మా ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్న రోజునే మా ఆడపడుచు కూతురు బ్యాగు తగిలించుకుని బస్సు దిగింది. ముఖం చూస్తే తనకూ జ్వరమేమో అనిపించింది.

పట్టు పెంపకం ఎరగని పాఠకులు కంగారు పడకండి. పురుగు పెరిగి చర్మం ఇరుకైపోయినప్పుడు పాతది విడిచి కొత్తది వేసుకోవాలి. ఆ ముందు ఒక రోజు అటూ ఇటూగా తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. గుడ్డులోంచి వచ్చినప్పటినుంచి గూడు అల్లేదాకా ఇట్లా నాలుగుసార్లు. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు, కదపకూడదు. లేచాక మాత్రం వారం రోజులు మనకు పగలూ రాత్రీ తేడా ఉండదు. అప్పుడు తినే ఆకే మొత్తం పంటలో ఎక్కువ భాగం.

మాది రొళ్ల. మడకశిర దాటి ఇంకా పోతే కర్ణాటక గడపలో ఉంటుంది. కాగితం మీద శ్రీ సత్యసాయి జిల్లా, నోటి మీద సగం తెలుగు, సగం కన్నడం. నేను హిందూపురంలో పుట్టి పెరిగి, బి.ఎస్సీ. పాసై ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఓ పక్క కథలు రాసుకుంటాను, ఇంకో పక్క మల్బరీ ఆకు కోస్తాను. ఏది ముందని అడిగితే, పురుగు ఆగదు, కథయితే ఆగుతుందని చెప్పాలి.

సరే, అమ్మాయి సంగతికి వస్తాను. అనంతపురంలో ఎమ్మెస్సీ చేసింది, ఆర్గానిక్ కెమిస్ట్రీ. హైదరాబాద్ శివార్లలో ఓ మందుల కంపెనీ పరిశోధన విభాగంలో ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో చేరేదీ లేనిదీ చెప్పాలి. సరిగ్గా ఆ వారమే బెంగళూరు సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి మంచివాడే. వాళ్లు కట్నం మాట ఎత్తలేదు గానీ ఒక్క మాట అన్నారట: "లెక్చరరయితే మాకేం అభ్యంతరం లేదు. ల్యాబులు, షిఫ్టులు అంటే ఆలోచించాలి."

రాత్రికి మా ఆడపడుచు ఫోను. "వదినా, నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు దానికి. లోకంలో యా ఆడపిల్లయినా కంపెనీలో కూచొని మందులు కనిపెడతా ఉందా? టీచరు పనికి ఏం తక్కువ?"

తక్కువేం లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. లోకంలో ఎవరైనా చేస్తున్నారా? ఎంతమంది? చేసినవాళ్లు ఇల్లూ వాకిలీ ఎట్లా నెట్టుకొచ్చారు? పురుగులకు జ్వరం కాబట్టి చేతిలో ఓ రోజు ఖాళీ. అమ్మాయినీ, దాని ఫోన్నూ, నా పాత పుస్తకాలనూ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో నాకే సరిగా తెలియదు. అమ్మాయి చెప్పిన తీరు బాగుంది. "అత్తా, నువ్వు నలుగురికి ఓళిగలు చేస్తావు కదా. అదే చెయ్యి, అదే కొలత. నాలుగొందల మందికి చేయాలంటే అన్నీ నూరింతలు వేస్తే వస్తుందా?" రాదు. పెద్ద గుండిగలో పూర్ణం అడుగంటుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. మందు కూడా అంతేనట. గాజు సీసాలో పది గ్రాములు చేసినప్పుడు పుట్టిన వేడి ఇట్టే ఆరిపోతుంది. ఫ్యాక్టరీ తొట్టిలో ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు, సరుకు చెడుతుంది, ఒక్కోసారి ప్రమాదం. చిన్న సీసానుంచి పెద్ద తొట్టికి దారి వేయడమే ఈ పిల్ల పని. ఆ రసాయన చర్య సాయంత్రం అయిదింటికే ముగియాలని ఎక్కడా రాసిపెట్టి లేదు గనుక షిఫ్టులు.

మా పురుగులూ అంతే కదా అన్నాను. అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి ఆకు వేసేటప్పుడు మన వైపు ఎవరూ "ఆడపిల్లకు రాత్రి పనా" అనరు.

ఇక లెక్కలు. నాకు లెక్కలంటే పెద్దగా పడదు, అయినా ఇవి చదివాక పక్కన పెట్టలేకపోయాను. ప్రపంచం మొత్తం మీద పరిశోధకుల్లో ఆడవాళ్లు మూడోవంతు అని యునెస్కో 2021లో వేసిన నివేదికలో ఉంది. మన దేశంలో 2018 ఏప్రిల్ నాటికి పరిశోధనలో నేరుగా పనిచేసేవాళ్లలో నూటికి 16.6 మంది. ఇంత వెనకబడ్డామా అని తల దించుకోబోతే, జపాన్ కూడా 18 దగ్గరే ఉంది! బుల్లెట్ రైలు నడిపే దేశం కూడా ఈ విషయంలో మన పక్క బెంచీలోనే కూర్చుంది.

ఇది అన్ని రకాల పరిశోధనా కలిపిన లెక్క. కంపెనీల్లో పరిశోధన ఒక్కటే విడిగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. యూరప్ దేశాల వాళ్లు 2003లో లెక్క తీసి, తమ పరిశ్రమల పరిశోధకుల్లో ఆడవాళ్లు నూటికి 15 మందే అని గాభరా పడ్డారు. 2018 నాటికి అది 21కి వచ్చింది. అదే యూరప్‌లో విశ్వవిద్యాలయాల్లో చూడండి, నూటికి నలభై పైనే. చదువు అదే, బుర్ర అదే. పాఠం చెప్పే చోట ఇద్దరుంటే ఫ్యాక్టరీ చోట ఒక్కతి. అంటే "టీచరయితే బాగుండు" అనే మాట మా ఆడపడుచు ఒక్కతే అనడం లేదు. జర్మన్ భాషలోనూ ఫ్రెంచి భాషలోనూ ఎవరో ఒక తల్లి అంటూనే ఉండాలి.

మరి సగానికి సగం ఉన్న దేశాలు లేవా? ఉన్నాయి. లాత్వియా, లిథువేనియా, కజకిస్తాన్ లాంటి పాత సోవియట్ దేశాల్లో పరిశోధకుల్లో దాదాపు సగం ఆడవాళ్లే. ఆ రోజుల్లో బడులూ శిశుశాలలూ ప్రభుత్వమే నడిపింది, ఆడపిల్ల సైన్సు చదవడం వింతగా ఉండేది కాదు. మురిసిపోదామంటే ఇంకో కోణం కూడా కనిపించింది. అక్కడ చాలాచోట్ల సైంటిస్టు జీతం చిన్నది. మగవాళ్లు డబ్బున్న పనులకు తరలిపోతే ఖాళీ అయిన కుర్చీల్లోనూ ఆడవాళ్లు కూర్చున్నారు. సంఖ్య చూసి మాత్రమే సంబరపడకూడదని నాకు అక్కడ తెలిసింది.

పచ్చళ్ల పులుపు నుంచి నోబెల్ దాకా

అంకెలు చెబితే మా అత్తగారు వినరు, మనుషుల గురించి చెప్పాలి. అమ్మాయీ నేనూ మాట్లాడుకుంటుంటే ఆవిడ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఓ చెవి ఇటు వేసి ఉన్నారు. అందుకని గట్టిగానే చదివాను.

అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ అని ఒకామె. 1937లో కెమిస్ట్రీలో పట్టా, అదీ మంచి మార్కులతో. పై చదువుకు ఆర్థిక సహాయం అడిగితే పదిహేను చోట్ల కాదన్నారు. ఉద్యోగానికి వెళ్తే ఒకచోట, నువ్వు వస్తే ల్యాబులో మగవాళ్ల దృష్టి చెదురుతుంది అన్నారట. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగవాళ్లు సైన్యానికి పోయాకే ఆమెకు ల్యాబు తలుపు తెరుచుకుంది. ముందుగా దొరికిన పని ఏమిటో తెలుసా? తిండిసరుకుల కంపెనీలో పచ్చళ్ల పులుపు సరిగా ఉందో లేదో పరీక్షించడం! (మా అత్తగారు ఇక్కడ నవ్వారు. "దానికి పట్టా యాలమ్మా" అన్నారు.) 1944లో బరోస్ వెల్కమ్ అనే మందుల కంపెనీలో చేరింది. డాక్టరేటు కోసం సాయంత్రం కాలేజీకి వెళ్తుంటే, ఉద్యోగమో చదువో ఒక్కటే తేల్చుకోమన్నారు. ఉద్యోగమే ఉంచుకుంది. పసిపిల్లల రక్తకేన్సరుకు మందు, మార్చిన కిడ్నీని శరీరం తోసేయకుండా ఉంచే మందు ఆమె పని నుంచే వచ్చాయి. 1988లో నోబెల్ బహుమతి వచ్చేనాటికీ ఆమె చదివి సంపాదించిన డాక్టరేటు లేదు.

స్టెఫానీ క్వొలెక్ కథ పట్టు పెంచే ఇంట్లో చెప్పుకోవాల్సినదే. పట్టు మేజోళ్ల బేరం దెబ్బతీసిన నైలాన్ పుట్టింది డూపాంట్ కంపెనీ ల్యాబులో. అదే కంపెనీలో 1946లో ఆమె చేరింది, డాక్టరు చదువుకు డబ్బు కూడబెట్టుకుని వెళ్లిపోదామని. వెళ్లనే లేదు. వాళ్లమ్మ కుట్టుపని చేసే మనిషి, గుడ్డ మీద ఇష్టం అక్కడిదే. 1965 ప్రాంతంలో ఆమె చేసిన ఒక ద్రావణం మామూలుగా ఉండాల్సినట్టు చిక్కగా లేదు, పలచగా మసకగా ఉంది. దారం తీసే యంత్రం నడిపే అతను, రంధ్రాలు పూడుకుపోతాయి, వేయనన్నాడు. ఆమె వదల్లేదు. చివరికి తీసిచూస్తే, అదే బరువున్న ఉక్కు కంటే అయిదింతలు గట్టి దారం! సైనికులు తొడుక్కునే తూటా తగలని చొక్కాలు దాంతోనే చేస్తారు. కెవ్లార్ అంటారు.

నా మనసు మాత్రం జపాన్ ఆవిడ దగ్గర ఆగిపోయింది. మిచియో త్సుజిమురా. 1920లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకోం అన్నారు. ల్యాబులో సహాయకురాలిగా ఉంటే ఉండు, జీతం లేదు అన్నారు. సరేనంది. ఆ జీతం లేని పనిలో ఆమె దేని మీద పరిశోధన చేసిందో చూడండి: పట్టుపురుగు తిండి మీద! ఇది చదవగానే నేను అత్తగారివైపు చూశాను. మా అత్తగారు అరవై ఏళ్లుగా జీతం లేకుండా చేస్తున్నదీ అదే కదా. త్సుజిమురా తర్వాత టోక్యో వెళ్లింది, 1923 భూకంపంలో అక్కడి ల్యాబు పోతే, పరిశ్రమలకు తోడ్పడాలని 1917లో పెట్టిన రికెన్ సంస్థకు మారింది. గ్రీన్ టీలో సి విటమిన్ ఉందని, టీకి ఆ వగరు ఇచ్చే పదార్థాలు ఇవీ అని తేల్చింది. 1932లో వ్యవసాయశాస్త్రంలో డాక్టరేటు, జపాన్ ఆడవాళ్లలో మొదటిది.

అత్తగారి మాట వచ్చింది గనుక ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పురుగు జ్వరానికి పడబోతోందని ఆవిడ ఒక పూట ముందే చెబుతారు. తల దగ్గర చర్మం మెరుపును బట్టి. షెడ్డులో ఆకు నమిలే చప్పుడు విని ఎక్కడ పలచబడిందో చెబుతారు. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణకు ఇద్దరం వెళ్లాం, ఎక్కడో చెప్పను. ఆవిడ నాలుగు సంగతులు చెబితే అక్కడున్న పెద్దమనిషి శ్రద్ధగా రాసుకున్నాడు. చివర్లో రిజిస్టరులో "రైతు పేరు" అన్నచోట మా మామగారి పేరు రాశాడు. ఆయన అప్పటికి పోయి మూడేళ్లు. పొలం కాగితాలు ఆయన పేరుతోనే ఉన్నాయి మరి.

పట్టు పరిశ్రమలో పనిచేసేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లేనని కేంద్ర పట్టు మండలే చెబుతుంది. మా హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. మైసూరులో కేంద్ర సంస్థ ఉంది. అక్కడ 1991 నుంచి జపాన్ సహకారంతో సాగిన పనిలోంచి వచ్చిన సి.ఎస్.ఆర్. రకాల వల్లనే మాలాంటి ఎండ ప్రాంతాల్లో కూడా ఇవాళ తెల్లగూళ్లు పండుతున్నాయి. ఆ మేలు నేను కాదనను. ల్యాబులో ఒక మనిషి, షెడ్డులో ఒక మనిషి ఉంటేనే ఏ పరిశోధనైనా పూర్తయ్యేది. షెడ్డు మనిషి పేరు కాగితం మీద ఎక్కడ రాస్తారన్నదే నా అనుమానం.

మన లలిత

"అంతా దొరసానులే చెప్తావు, మనోళ్లు లేరా?" అన్నారు అత్తగారు. లేకేం.

అయ్యలసోమయాజుల లలిత. మద్రాసులో తెలుగు కుటుంబం, 1919లో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు. చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ కాలంలో, ఆ ఇళ్లలో, ఆ తర్వాత ఏమయ్యేదో మన అవ్వలను అడిగితే చెబుతారు. లలిత తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. కూతుర్ని అదే కాలేజీలో చేర్పించడానికి పూనుకున్నాడు. అన్ని వందలమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల. తర్వాత ఇంకో ఇద్దరు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా, సివిల్ విభాగంలో చేరారు. 1943లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసింది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పట్టా కాగితం మీద ముందే "అతడు" అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో "ఆమె" అని రాయాల్సి వచ్చింది. కొట్టివేత ఉన్న ఆ పట్టాను తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, గొంతూ పట్టేస్తుంది.

తర్వాత సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం. కొన్నాళ్లు తండ్రి పరిశోధనలకు సహాయం. ఆయన పొగరాని పొయ్యి, కరెంటుతో పలికే ఒక వాద్యం లాంటివి తయారుచేస్తుండేవాడు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరింది. కరెంటు లైన్ల, సబ్‌స్టేషన్ల డిజైను పని. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. ముప్పై ఏళ్ల దాకా అక్కడే. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, సైంటిస్టుల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే చీర కట్టుకుని వెళ్లింది. నూటయాభై ఏళ్ల కిందటైతే తనను భర్త చితి మీదే కాల్చేసి ఉండేవారని అక్కడి విలేఖరులతో అన్నదట. 1979లో, అరవై ఏళ్లకే పోయింది.

నేను ఆగాను. చింతపండు గింజలు తీసే చెయ్యి కూడా ఆగింది. కాసేపయ్యాక మా అత్తగారు అడిగారు.

"అంతా బాగుంది. ఆయమ్మ బిడ్డనెవురు చూసుకునిరి?"

అమ్మాయి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పుట్టింటివాళ్లు చూసుకున్నారు అత్తా అన్నాను. ఆమె ఉద్యోగాలు వెతుక్కున్న ఊళ్లు కూడా పాపకు తమ మనుషుల నీడ దొరికే ఊళ్లే.

"అదీ మాట" అని ఆవిడ మళ్లీ గింజల్లో పడ్డారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అత్తగారి ప్రశ్న పట్టుకుని మళ్లీ వెనక్కి చూశాను. ఎలియన్ పెళ్లి చేసుకోలేదు, చేసుకోవాల్సినవాడు జబ్బుతో పోయాడు. క్వొలెక్ చేసుకోలేదు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో మొదటి మహిళా సైంటిస్టుగా చేరి, మెరుపు కొట్టని అద్దం కనిపెట్టిన కేథరిన్ బ్లాడ్జెట్ చేసుకోలేదు. లలిత మళ్లీ చేసుకోలేదు. పెళ్లి లేకపోతేనే ఈ పని సాధ్యమా? అట్లాగయితే మా ఆడపడుచు భయం వట్టిది కాదు. అది ఒప్పుకోవడానికి నాకు కష్టమైంది గానీ, ఒప్పుకోకుండా అమ్మాయికి ధైర్యం చెబితే అది అబద్ధం చెప్పినట్టు.

మా కాలానికి దగ్గరి వాళ్లను చూస్తే కాస్త ఊపిరాడింది. 2022 మార్చిలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కోవిడ్ టీకా వేశారు గుర్తుందా, మా అబ్బాయికీ వేశారు, కోర్బెవాక్స్. దాని మూలం అమెరికాలో టెక్సస్ ల్యాబుది. అక్కడ ఆ పని నడిపిన ఇద్దరిలో ఒకరు మరియా ఎలెనా బొటాజ్జి. తయారుచేసింది హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ. ఆ కంపెనీ పెత్తనం మహిమా దాట్లది. మా రొళ్ల పిల్లాడి భుజానికి దిగిన సూది వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారని నాకు అప్పుడు తెలియదు. విశ్వవిద్యాలయంలో హోదా తగ్గించినా వదలక, 2013లో జర్మనీలో ఒక కంపెనీకి మారి పనిచేసిన కాతలిన్ కరికోకు 2023లో నోబెల్ వచ్చింది. ఆమెకు భర్త ఉన్నాడు, కూతురుంది. మనకు పక్కనే బెంగళూరులో, బీరు తయారీ చదివొచ్చిన కిరణ్ మజుందార్‌కు ఆడదానివని ఆ ఉద్యోగం ఇవ్వకపోతే, 1978లో ఓ షెడ్డులో బొప్పాయి పాలలోంచి ఎంజైము తీస్తూ బయోకాన్ మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో, తమిళ మీడియంలో చదువుకున్న ఎన్. కలైసెల్వి మన పరిశ్రమల పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్.కు అధిపతి అయ్యారు. 1942లో పుట్టిన సంస్థకు ఎనభై ఏళ్లకు మొదటి ఆడమనిషి.

తెల్లారి అమ్మాయి అడిగింది: "అత్తా, నువ్వెందుకు పోలేదు?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని తెలుసు. 2008లో బి.ఎస్సీ. అయ్యాక ఓ కంపెనీ ల్యాబులో ట్రైనీలను తీసుకుంటున్నారంటే వెళ్లాను. కెమిస్ట్రీ ప్రశ్నలు నాలుగు అడిగారు, నాలుగూ చెప్పాను. అయిదోది, "పెళ్లెప్పుడు?" అని. తెలియదన్నాను. "చూశారా, మీకే తెలియదు, మేం రెండేళ్లు నేర్పిస్తే మీరు వెళ్లిపోతారు" అన్నాడు ఆ పెద్దాయన నవ్వుతూ. నాతో వచ్చిన క్లాసుమేటుకు వచ్చింది, అతణ్ని ఆ ప్రశ్న అడగలేదట. ఇంటికొచ్చి రాలేదని చెబితే నాన్న ముఖంలో బాధ కంటే నిమ్మళమే ఎక్కువ కనిపించింది. అందుకే ఇంకోచోట ప్రయత్నించలేదు. ఆ పెద్దాయన్ని ఎన్నేళ్లో తిట్టుకున్నాను గానీ, ఒక్క 'కాదు'తో ఆగిపోయింది నేను కూడా కదా.

ఆనాటికీ ఇప్పటికీ కొన్ని మారాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్లను ఫ్యాక్టరీ పనిలో పెట్టవద్దంది. తర్వాత చాలా రాష్ట్రాలు రవాణా, రక్షణ షరతులతో సడలించాయి. 2017 సవరణతో ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలైంది, యాభైమంది పైన ఉన్నచోట శిశుశాల ఉండాలంది. పిల్లల కోసం పని మానేసిన సైన్సు చదువుల ఆడవాళ్లు తిరిగి పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002లో పథకం పెట్టింది, ఇప్పుడు వైజ్-కిరణ్ అంటున్నారు. దాంట్లో పేటెంట్ల పని నేర్పే శిక్షణ కూడా ఉంది. మీ ఇంట్లో ఎమ్మెస్సీ చేసి వంటింట్లో ఉండిపోయిన కోడలో కూతురో ఉంటే ఓసారి చూడమనండి. కంపెనీలకూ కాలేజీలకూ తేడా అక్కడే తెలుస్తుంది. కాలేజీలో మూడేళ్ల తర్వాత వచ్చినా పాఠం అదే. కంపెనీలో మూడేళ్లలో యంత్రం మారిపోతుంది, జట్టు మారిపోతుంది, మన కుర్చీలో ఇంకెవరో ఉంటారు. అందుకే మానేయడం సులువు, తిరిగి రావడం కష్టం.

అమ్మాయితో ఇవన్నీ అన్నాను. చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కంపెనీని అడగాల్సినవి మాత్రం కాగితం మీద రాయించాను: రాత్రి షిఫ్టు నెలకు ఎన్నిసార్లు, బండి ఇంటి గుమ్మం దాకా వస్తుందా, శిశుశాల నిజంగా ఉందా లేక గది మీద బోర్డే ఉందా, రెండేళ్ల తర్వాత ఏ పని. పెళ్లివారిని అడగాల్సిన ప్రశ్న ఒకటి అదే రాసుకుంది. నాకు చూపించలేదు.

మూడో రోజు పొద్దున పురుగులు జ్వరం లేచాయి. రెమ్మలు మోసుకొచ్చి వేస్తుంటే మా అత్తగారు ఫోను తెమ్మన్నారు. కూతురికి కలిపి ఇమ్మన్నారు. మేం వింటుండగానే అన్నారు: "పిల్లని పోనీయే. రేపు దానికి బిడ్డ పుడితే నేను పోయి చూసుకుంటా. నాకు హైదరాబాదులో పనేముంది, రొళ్లలో పనేముంది."

డెబ్బై రెండేళ్ల మనిషి. అవతల మా ఆడపడుచు ఏమందో వినపడలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో కన్నడంలోకి పోయారు. అంటే విషయం గట్టిదే.

మా ఇంట్లో మిద్దె ఎక్కితే గానీ సిగ్నల్ సరిగా అందదు. సాయంత్రం అమ్మాయి పైకెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి కంపెనీకి జవాబు పంపింది. మూడుసార్లు పోలేదు, నాలుగోసారికి పోయింది. కింద నుంచి మా ఆయన కేక వేశారు, ఆకు అయిపోయింది, కొడవలి తెమ్మని. అది దిగి వచ్చి చేతులు కడుక్కుని షెడ్డులోకి నడిచింది. బెంగళూరు వాళ్ల నుంచి ఇది రాసే సమయానికి ఇంకా కబురు రాలేదు.